అమ్మకమునకు పెట్టని అక్షరము

గోదావరీ ప్రాణహితలు కలియుచోట, ఒకే పానవట్టముమీద రెండు లింగములు వెలసిన కాళేశ్వర ముక్తేశ్వరక్షేత్రమును త్రిలింగదేశమునకు ఉత్తరపు టెల్లగా పూర్వులు చెప్పుకొనిరి. కాకతీయుల యాస్థానమునందలి విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున శ్రీశైల ద్రాక్షారామములతో కూడ ఈ క్షేత్రమును పేర్కొనినాడు. నది కావలి యొడ్డున సిరొంచ. అది నేడు మహారాష్ట్రము. ఈవలి యొడ్డున మహాదేవపురపు అడవులు. అచ్చటినుండి దక్షిణముగా భూపాలపల్లి, పరకాల, ఓరుగల్లు దాటి జనగామసీమకు పోవు యాత్రికునకు పాలకుర్తియు, దానికి చేరువనే బమ్మెరయు తగులును. మొదటిది పాల్కురికి సోమనాథునిది, రెండవది పోతనామాత్యునిది. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది క్షేత్రమాహాత్మ్యమును కాదు, కావ్యవిమర్శయును కాదు. గడచిన మూడున్నర దశాబ్దములలో తెలుగు లిపిని కంప్యూటరు తెరమీదికి ఎక్కించి, ఆ పనికి వెల కట్టక, ఆ విద్యను దాచక, ఎల్లరకును సమర్పించిన కొందరి చరిత్రము నా వస్తువు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనియు, ఓపెన్ సోర్స్ అనియు లోకము పిలుచుచున్న యీ యుద్యమము అమెరికాలో పుట్టినమాట నిజమే. కాని అది తెలుగుదేశమునకు వచ్చి చేరినపుడు దాని నెదుర్కొని యింటికి పిలుచుకొనిపోదగిన సంప్రదాయ మొకటి ఈ సీమలో అంతకుమున్నే యుండెనని నా విశ్వాసము. ఆ ఉద్యమమునందు తొలినాళ్ళలో ఎల్లరకును అందిన తెలుగు అక్షరరూపములలో నొకటి బమ్మెర కవి పేరు మోయుట నాకు సంతోషమును కలిగించు విషయము.

కాకతీయుల కాలమువాడైన సోమనాథుడు పురాణరచనకు దేశీయమైన ద్విపదను ఎన్నుకొనెను. పండితులు గౌరవించు వృత్తములు తనకు రాక కాదు. సామాన్యజనుడు పాడుకొని, తన నోటితో మరియొకనికి అందింపగల ఛందస్సు అదియే యని ఆయన యెరిగి చేసిన నిర్ణయమది. పదునైదవ శతాబ్దివాడైన పోతన విషయమున మనకొక ఐతిహ్యము కలదు. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతమును తన కంకితమిమ్మని కోరగా కవి నిరాకరించెననియు, అందుపై గ్రంథము భూస్థాపితమై కొంతభాగము శిథిలమయ్యెననియు పెద్దలు చెప్పుదురు. కథ యెట్లున్నను, మనకు దక్కిన భాగవతమున కొన్ని స్కంధములు పోతనవి కావు. పంచమస్కంధమును గంగన, షష్ఠమును సింగన, కడపటి రెంటిని వెలిగందల నారయ పూరించిరి. ఎవరి భాగము చివర వారి పేరు గద్యమునందు నిలిచియే యున్నది. గ్రంథము మాత్రము ఒక్కటే. ఒకని కృతిని మరియొకడు చేపట్టి, కొరతవడిన చోట పూరించి, మూలకర్త పేరును చెరుపక, తన పేరును దాచక, ముందుతరమున కందించుట తాళపత్రయుగమున నిత్యవ్యవహారమై యుండెను. ఆ కాలమున చదువు అందరికిని అందెనని నేననజాలను. అది కొన్ని కులములకును, కొన్ని యిండ్లకును పరిమితమై యుండుట మనము మరువరాని కొరత. కాని చదువ నేర్చినవానికి గ్రంథమును ప్రతి వ్రాసికొను హక్కు ఉండెను. ప్రతికిని ప్రతికిని నడుమ తేడాలు వచ్చినపుడు వానిని పోల్చి సరిదిద్దు విద్యయు ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున సి. పి. బ్రౌను కడపలో తన సొంత ధనముతో పండితులను, లేఖకులను పోషించి ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులను తెప్పించి పరిష్కరింపజేసినది ఆ విద్యతోనే.

అచ్చుయంత్రము వచ్చిన పిదప నిజాము రాజ్యమున తెలుగునకు పట్టిన దశ వేరు. పాలనాభాష ఉర్దూ, బడులలో బోధనాభాషయు ప్రాయికముగా అదియే. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అంతకు ఇరువదియేండ్ల ముందు, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మున్నగువారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రగ్రంథములను తెలుగున ప్రచురించి సామాన్యుని చేతి కందజేసిరి. పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టి, అది సగముననే యుండగా 1923లో కాలధర్మము నొందిరి. పుస్తకము కొనలేనివాడు వచ్చి ఊరక చదువుకొని పోవుటకై ఇల్లు కట్టిన ఈ తరమువారే, నా దృష్టిలో, తరువాతి తరపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రచారకులకు సాక్షాత్తు పితామహులు. సర్కారు ఆదరము లేని భాషను ప్రజలే తమ చేతులతో నిలువబెట్టుకొనవలసివచ్చిన పరిస్థితి రెండు తరములకును సమానమే.

కంప్యూటరు ఈ సీమ పల్లెలకు వచ్చుటకు పూర్వమే ఈ సీమ ప్రతినిధి యొకడు కంప్యూటరును వశపరచుకొనెను. కాళేశ్వరము నేటికిని మంథని శాసనసభ నియోజకవర్గములోనిదే. ఆ నియోజకవర్గమునుండి 1957 మొదలు 1977 వరకు ఎన్నికగుచు వచ్చిన పాములపర్తి వేంకట నరసింహారావు, ఒకప్పుడు ఎద్దుబండ్ల త్రోవలవెంట ఈ పల్లెలు తిరిగినవాడు, కేంద్రమంత్రియై అరువది దాటిన వయస్సులో కంప్యూటరును తెప్పించుకొని, ఉపాధ్యాయుని పెట్టుకొని, బేసిక్, కోబాల్ భాషలలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్చెను. వేయిపడగలను హిందీలోనికి తెచ్చిన చేతితో ఆయన యంత్రభాషను అభ్యసించుట నాకు వింత గొలుపదు. భాషలు నేర్చుట ఆయనకు వ్యసనము. ఆయన ప్రధానమంత్రియైన 1991వ సంవత్సరమే మన కథకును కీలకమైనది. ఆ యేడు ఆగస్టులో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టమునకు మూలభాగమగు తన లినక్స్ కెర్నలును ప్రకటించెను. అక్టోబరులో, లోకపు లిపుల అక్షరములకు కంప్యూటరు సంకేతములను నిర్ణయించు యూనికోడ్ ప్రమాణపు మొదటి సంపుటము వెలువడి తెలుగు లిపికి అందులో స్థానము దొరకెను. నాటికి ఈ రెంటి విలువయు దేశమున ఎరిగినవారు అత్యల్పులు.

ఈ ఉద్యమమునకు మూలపురుషుడు రిచర్డ్ స్టాల్‌మన్. 1953లో న్యూయార్కున జన్మించి, 1971 నుండి ఎం.ఐ.టి. కృత్రిమమేధా ప్రయోగశాలలో పనిచేసిన యీయన, ప్రోగ్రాములను వ్రాసినవారు వానిని ఒండొరులకు చూపుకొని సరిదిద్దుకొను వాతావరణమున పెరిగెను. ప్రయోగశాలకు వచ్చిన క్రొత్త లేజర్ ప్రింటరు తరచుగా చిక్కుపడుచుండగా, దానిని బాగుచేయుటకు కావలసిన సోర్స్ కోడును, అనగా ప్రోగ్రాము మూలపాఠమును, అడిగినపుడు, దానిని కలిగియున్న పరిశోధకుడు, ఎవ్వరికిని చూపనని ఒప్పందము వ్రాసి యిచ్చితినని నిరాకరించెనట. పంచాంగమును చేతికిచ్చి గణితమును దాచినయెడల తిథి తప్పినచోట దిద్దుకొను దారి యెవ్వరికిని లేనట్లు, కోడు దాచబడిన యంత్రముముందు నేర్పరియు నిస్సహాయుడే యగునని స్టాల్‌మన్‌కు అపుడు బోధపడెను. 1983 సెప్టెంబరు 27న గ్నూ అను సంపూర్ణ స్వేచ్ఛా వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, మరుసటి జనవరిలో ఉద్యోగమును వదలుకొని, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనును స్థాపించి, 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సును రూపొందించెను. ఆయన మేధ యంతయు ఈ లైసెన్సునందు కనబడును. ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనుట, లోపల చూచి నేర్చుకొనుట, ప్రతులు పంచుట, మార్చి మార్చినదానిని పంచుట అను నాలుగు స్వేచ్ఛలను అది ఇచ్చును. అయితే మార్చి పంచువాడు తనకు దొరకిన స్వేచ్ఛలనే తన తరువాతివానికిని ఇచ్చితీరవలెనని నియమించును. స్వత్వమును కాపాడుటకు పుట్టిన కాపీరైటు చట్టమునే ఆయన సమష్టిహక్కును కాపాడు కోటగా మలచెను. 1998లో కొందరు ఈ తాత్త్వికతను ప్రక్కన నుంచి, వ్యాపారులకు నచ్చునట్లు ఓపెన్ సోర్స్ అను పేరును ప్రచారమునకు తెచ్చిరి. ఉద్యమము రెండు పాయలయ్యెను. 2001లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా తిరువనంతపురమున ప్రారంభమగుటతో ఆ ప్రవాహము మన దేశమును సంస్థారూపమున చేరినది.

ఇక తెలుగు మాట. తెలుగు అక్షరము యంత్రమునకు లొంగుట ఎంత కష్టమో తెలియవలెనన్న, స్త్రీ అను ఒక్క అక్షరమును చూడుడు. యూనికోడ్‌లో అది సకారము, హల్లుగుర్తు, తకారము, మరల హల్లుగుర్తు, రేఫ, గుడిదీర్ఘము అను ఆరు సంకేతముల వరుస. తెరమీద అవి వరుసగా నిలువవు. గుడిదీర్ఘము సకారము నెక్కవలెను, తకారపు వత్తు క్రిందికి దిగవలెను, రేఫ దాని ప్రక్క ఒదుగవలెను. ఈ కూర్పును ఫాంటు లోపలి సూత్రములును, ఆపరేటింగ్ సిస్టమును కలిసి నిర్వహింపవలెను. ఈ యేర్పాటు లేని దినములలో ప్రతి వ్యాపారసంస్థయు, ప్రతి పత్రికయు, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు తలకట్టులను, వత్తులను, ముక్కలు ముక్కలుగా తమకు తోచిన క్రమమున నింపి, సొంత ఫాంటును తయారుచేసికొనెను. ఒక ఫాంటులో కూర్చిన వార్త ఆ ఫాంటు లేని యంత్రముమీద అర్థములేని ఆంగ్లాక్షరముల రాశియై కనబడెడిది. ఒక పత్రికలోని మాటను వేరొక పత్రికలో వెదకుట అసాధ్యము. అచ్చయిన తెలుగు వాఙ్మయము ఒక దశాబ్దమునకు పైగా ఇట్టి పరస్పరమూకములైన గదులలో బందీయై యుండెను. వాణిజ్యసంస్థలు తెలుగునకు మేలు చేయలేదని నేననను. వారి ఫాంటులు లేనిదే నాటి అచ్చుపని సాగెడిది కాదు. కాని భాష యొక్క సంకేతములు ఎవ్వరి సరుకును కారాదన్న యెరుక వారి పనిలో లేకపోయెను.

ఆ యెరుక ముందుగా కలిగినది దేశాంతరమునందలి తెలుగు విద్యార్థులకును, ఆచార్యులకును. డొనాల్డ్ నూత్ పండితుడు ఎల్లరకును విడిచిపెట్టిన టెక్ అను అచ్చుకూర్పు వ్యవస్థను ఆధారము చేసికొని 1990 దశాబ్ది ఆరంభమున ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌లు తెలుగుటెక్‌ను సిద్ధపరచిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనందకిషోర్‌లు, ఇంగ్లీషు కీబోర్డుమీద తెలుగు వ్రాయుటకు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని కల్పించిరి. ఆర్.టి.ఎస్. అను పేర వాడుకకెక్కిన ఆ పద్ధతిలో చిన్నబడి అక్షరములతో హ్రస్వములును, పెద్దబడి అక్షరములతో దీర్ఘములును సూచింపబడును. విదేశములందలి తెలుగువారు తమలో తాము జరుపుకొను ఉత్తరప్రత్యుత్తరములలో దానిని వాడి వాడి వ్రేళ్ళకు అలవాటు చేసికొనిరి. ఇరువదియేండ్ల తరువాత పల్లెపట్టుల పిల్లలు తమకు తెలియకయే ఆ పద్ధతిలోనే తెలుగు కొట్టుచుండుట అది యెంత సహజముగా కుదిరినదో చెప్పుచున్నది.

ఇచ్చట తిరుమల కృష్ణ దేశికాచార్యులవారిని స్మరింపవలెను. యూనికోడ్ ప్రమాణమును అనుసరించి ఆయన పోతన 2000, వేమన 2000 అను రెండు ఫాంటులను రచించి జి.పి.ఎల్. లైసెన్సుక్రింద వెలువరించిరి. పోతనది కలము వాటమెరిగిన సంప్రదాయరూపము, సన్నబొద్దుల గతి కలది. వేమన సమానమైన గీతతో నిరాడంబరముగా నుండును. ఆ రెండు పేర్లకు ఆ రెండు రూపములు ఎంత చక్కగా అమరినవో చదువరియే చూచి యానందింపదగును. ఈ దానము యొక్క ఫలము ఎట్టిదో కొంచెము వివరించెదను. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్ ఎక్స్‌పితో గౌతమి యను తెలుగు ఫాంటును చేర్చినది. అది ఆ సంస్థ సొత్తు. లినక్స్ పంపిణీలు దానిని తమతో చేర్చుకొనజాలవు. తెలుగునకు స్వేచ్ఛా లైసెన్సు కలిగిన ఫాంటు లేకయుండినయెడల, స్వేచ్ఛా వ్యవస్థలన్నిటను తెలుగు ఖాళీ డబ్బాల వరుసగా కనబడవలసినదే. లినక్స్ పంపిణీలలో నొకటైన డెబియన్ తెలుగు ఫాంటుల మూటలో పోతన, వేమనలు చేరినవి. డెబియన్ పోయిన ప్రతిదేశమునకును, ప్రతి ఖండమునకును బమ్మెర పోతన పేరు ఫాంటై పోయినది. పిమ్మట రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ తెలుగును విడుదల చేయుటచేత ఈ కొరత మరింత తీరెను. రాజున కీయని కృతి యొక్క కర్త పేరుగల అక్షరము ఏ సంస్థకును సొత్తుగాక ఎల్లరదై నిలిచినది. ఆచార్యులవారు ఈ పోలికను తలచి పేరు పెట్టిరో లేదో విచారింప నక్కరలేదు. పని తనంతట తానే ఆ పేరునకు తగినదయ్యెను.

అయినను ఫాంటు వచ్చినంతమాత్రమున గదుల తలుపులు తెరచుకొనలేదు. పత్రికలు తమ పాత సంకేతములలోనే యుండెను. అపుడు వెన్న నాగార్జున యను ప్రవాసాంధ్రుడు పూనుకొనెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ఆరంభించినవాడీయనయే. ఫైర్‌ఫాక్స్ విహరిణికి అనుబంధముగా ఈయన వ్రాసిన పద్మ యను పరికరము, పత్రికల సొంత ఫాంటులలోనున్న పుటను చదువుచుండగనే యూనికోడ్ తెలుగుగా మార్చి చూపెడిది. దాని చేత జరిగిన పని ఎంత యోపికతో కూడినదో ఊహింపుడు. ఒక్కొక్క పత్రిక ఫాంటును తెరచి, ఏ స్థానమున ఏ వత్తు, ఏ గుణింతపు ముక్క దాగియున్నదో ఒక్కటొక్కటిగా పట్టికవేసి, ముక్కలను కలిపి అక్షరమును పునర్నిర్మింపవలెను. శిథిలతాళపత్రములను ప్రక్కప్రక్కన పెట్టుకొని పాఠమును నిర్ణయించు పరిష్కర్త చేయునదియే ఈ పని. తెలుగుతో ఆగక పద్మ క్రమముగా ఇతర భారతీయభాషల ఫాంటులకును విస్తరించెను. దాని కోడు జి.పి.ఎల్. క్రింద ఎల్లరకు లభ్యము.

లభ్యమగుటచేతనే తరువాతి కార్యము జరిగినది. వీవెన్ అను పేరుతో తెలుగువారెరిగిన ప్రచారకుడు 2006లో లేఖినిని వెలువరించెను. ఏ ఫాంటును కొనకయే, ఏ సాఫ్ట్‌వేరును స్థాపింపకయే, ఒక పుటను తెరచి, పైగడిలో ఇంగ్లీషు కీలతో కొట్టినయెడల క్రిందిగడిలో తెలుగు ప్రత్యక్షమగును. లేఖిని లోపలి మార్పిడియంత్రము నాగార్జునగారి పద్మ. కొట్టు పద్ధతి రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. మూడు తావులలో, మూడు కాలములలో, పైకము మాట లేక, ఒకరి పనిమీద ఒకరు కట్టిన కట్టడ మది. భాగవతమునకు గంగన, సింగన, నారయలవలె ఈ పనియందును తరువాతివారు ముందరివారి పేరును చెరుపలేదు. లేఖిని పద్మ పేరును తన పుటమీదనే చెప్పుకొనినది. ఒక్కొక్కరు తమ భాగమును తాళమువేసి యుంచుకొనినయెడల ప్రతివాడును మొదటినుండి మరల త్రవ్వవలసివచ్చెడిది. ఆ తరువాతి నాలుగైదేండ్లలో తెలుగున వ్రాయ మొదలిడిన వందలాది జనులు లేఖినిలో అక్షరాభ్యాసము చేసినవారే. వీవెన్ అంతటితో ఊరకుండక, తెలుగు కంప్యూటింగుగూర్చి సులభశైలిలో వ్యాసములు వ్రాసి, ఈ-తెలుగు అను సంఘమున మిత్రులతో చేరి, 2008 నుండి హైదరాబాదు పుస్తకప్రదర్శనలో అంగడి తెరచి, పుస్తకములు కొనవచ్చినవారికి కంప్యూటరులో తెలుగు చదువుటయు వ్రాయుటయు ఎట్లో చూపుట మొదలుపెట్టెను. యంత్రవిద్యలో పనిముట్టును తయారుచేయువారు కొందరే. దానిని నలుగురికి నేర్పుటయే పనిగా పెట్టుకొనువారు ఇంకను అరుదు. ఈయన రెండును చేసెను. తెలుగు సాహిత్యచరిత్రలు ఇట్టివారికి ఒక్క వాక్యమైనను కేటాయింపకుండుట అన్యాయమని నా యభిప్రాయము.

ఈ కృషికి ఉద్యమరూపమును, సంస్థాబలమును ఇచ్చినది 2005లో హైదరాబాదున వెలసిన స్వేచ్ఛ. దాని స్థాపకుడు కిరణ్‌చంద్ర యార్లగడ్డ వ్యక్తిగతోపకారముతో తృప్తిపడునట్టివాడు కాడు. సాఫ్ట్‌వేరును ప్రజాస్వామ్యప్రశ్నగా చూచువాడు. కోడు ఎవరి చేతిలో నుండునో అధికారమును వారి చేతిలోనే యుండునన్న వాదమును తెలుగుసీమలోని ఇంజనీరింగు కళాశాలల వెంట తిరిగి వినిపించెను. కళాశాలకొక గ్నూ లినక్స్ వాడుకదారుల బృందము వెలసినది. ఆ విద్యార్థులే స్వచ్ఛందముగా కూర్చుండి, ఆపరేటింగ్ సిస్టములోని ఆదేశములను, సందేశములను వాక్యము వెనుక వాక్యముగా తెలుగున వ్రాసి, స్వేచ్ఛ పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించిరి. 2010లో వివిధరాష్ట్రములందలి సంఘములు కలిసి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియాగా ఏర్పడగా కిరణ్‌చంద్ర దానికి ప్రధానకార్యదర్శి యయ్యెను. ఫేస్‌బుక్ సంస్థ ఫ్రీ బేసిక్స్ పేర పేదలకు ఎన్నిక చేసిన కొన్ని పుటలనే ఉచితముగా నిత్తుననినపుడు, ఉచితమునకును స్వేచ్ఛకును గల భేదమును వీథులలో నిలిచి చెప్పినవారిలో ఈ సంస్థయు నొకటి. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణసంస్థ అట్టి వివక్షాపూర్ణమైన ధరలను నిషేధించెను. హైదరాబాదు బస్తీలలోని శ్రామికుల పిల్లలకు స్వేచ్ఛవారు నడపిన కంప్యూటరు కేంద్రములు నాకు ఈ చరిత్రలో మిక్కిలి ప్రియమైన భాగము. గ్రంథాలయోద్యమకారులు పఠనమందిరముల ద్వారా తలపెట్టినదానికి నేటి రూపమదియే. ఇటీవల ఈ సంస్థ విద్యార్థులచే తెలుగు కథలను సేకరింపజేసి, కృత్రిమమేధకు తెలుగు నేర్పు ప్రయత్నమునకు ఇతరసంస్థలతో కలిసి పూనుకొనినది.

ప్రభుత్వమును కొంత కదలినది. నాటి జనగామ శాసనసభ్యుడును, ఉమ్మడిరాష్ట్ర సమాచారసాంకేతికశాఖ మంత్రియునైన పొన్నాల లక్ష్మయ్య కాలమున, 2011లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యూనికోడ్ కన్సార్షియమునందు సభ్యత్వము స్వీకరించెను. ఆ వెనువెంటనే ప్రవాసాంధ్రుల సంస్థయైన సిలికానాంధ్రతో కలిసి పలు యూనికోడ్ ఫాంటులను ఓపెన్ ఫాంటు లైసెన్సుక్రింద ప్రజలపరము చేసినది. గిడుగు, గురజాడ, సురవరము, పెద్దన, సూరన్న మున్నగు పేర్లతో అవి నేడు ప్రపంచమంతట దింపుకొన లభ్యములు. గోలకొండ పత్రికను 1926లో స్థాపించి నిజాము రాజ్యమున తెలుగునకు గొంతునిచ్చిన సురవరము ప్రతాపరెడ్డి పేర ఎల్లరకు చెందిన ఫాంటు ఒకటి యుండుట సముచితము. 2015లో కేంద్రప్రభుత్వము ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ఆదరించు విధానమును ప్రకటించినది. విధానము మంచిదే, కాని కార్యాలయములలో దాని యాచరణ మందము. నేటికిని మన పట్టణములలోని అచ్చుకొట్టులలోను, డి.టి.పి. కేంద్రములలోను పాత సంకేతముల ఫాంటులే రాజ్యమేలుచున్నవి. అట్లు కూర్చిన గ్రంథము అచ్చున అందముగానే యుండును. దాని ఫైలు మాత్రము ఇరువదియేండ్లకు తెరచువాడు లేని పెట్టె యగును. కవులు, పరిశోధకులు తమ జీవితకృషిని ఇట్టి ఫైళ్ళలో పెట్టి మరణించుట చూచుచు మనము మిన్నకుండరాదు.

తెలుగు వికీపీడియా వ్యాసములు నేడు లక్షను దాటినవి. ఊరూరికి ఒక పుట యుండవలెనని దాని సభ్యులు ఏండ్లకొలది శ్రమించిరి. కాళేశ్వరమునకును, బమ్మెరకును, పాలకుర్తికిని అందు పుటలు కలవు. లక్ష్మణరావుగారి విజ్ఞానసర్వస్వము ఆగినచోటినుండి, పేర్లు కోరని జనులు వందలమంది దానిని మరల ఎత్తుకొనినారని చెప్పవచ్చును. 2025 మే మాసమున సరస్వతీపుష్కరములకు కాళేశ్వరము చేరిన యాత్రికులలో ఎందరో తమ చేతి ఫోనులలో తెలుగున దారి వెదకికొనిరి, తెలుగున వార్తలు పంపుకొనిరి. ఆండ్రాయిడ్ ఫోను అడుగున నున్నది లినక్స్ కెర్నలు. దానిపై నిలిచిన తెలుగక్షరము యూనికోడ్ ప్రమాణము ననుసరించినది. తమ చేతిలోని వస్తువు వెనుక ఎందరి నిష్కామకృషి యున్నదో ఆ యాత్రికులకు తెలియదు, తెలుపవలసినవారము మనమే.

కనుక చదువరులకు నా విన్నపమొకటి. ఈ చరిత్రమున పాత్రధారులలో పెక్కుమంది నేడును మన నడుమ నున్నారు. కాని వారి పని జరిగిన తీరు ఎక్కడను క్రమముగా గ్రంథస్థము కాలేదు. తొలి ఫాంటు ఎట్లు గీయబడినది, తొలి తెలుగు వాక్యము ఏ యంత్రముమీద కనబడినది, ఏ కళాశాలలో ఎవరు రాత్రులు మేలుకొని అనువాదము చేసిరి అను విషయములు వారి జ్ఞాపకములతోనే పోగలవు. ఓరుగల్లు, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల కళాశాలలలో చరిత్రమును, తెలుగును బోధించు అధ్యాపకులు తమ విద్యార్థులను పంపి ఆ వృత్తాంతములను వారి నోట వ్రాయించి, హనుమకొండ భాషానిలయము వంటి తావులలో ఒక ప్రతిని భద్రపరచి, మరియొక ప్రతిని యూనికోడ్ తెలుగున, ఎల్లరు ప్రతి తీసికొనదగిన లైసెన్సుతో వెలువరింపవలెనని కోరుచున్నాను. ఆ పనికి ఖర్చు స్వల్పము. వారు కనుమరుగు కాకముందే అది జరుగవలెను.